ఫాసెట్ చూడని నగరం

1925 మే 29. బ్రెజిల్ దేశంలోని మాతో గ్రోసో అడవుల నుంచి ఒక ఉత్తరం బయలుదేరింది. రాసినవాడు కల్నల్ పెర్సీ ఫాసెట్. వయసు 57. వెంట కొడుకు జాక్, జాక్ స్నేహితుడు రాలీ రిమెల్. వెనుదిరిగిన కూలీల చేతికి, భార్యకు చేర్చమని ఆ ఉత్తరం ఇచ్చి ముగ్గురూ ముందుకు సాగారు. మళ్ళీ తిరిగి రాలేదు.

ఈ కథ మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. 1953లో పుస్తకం, 2009లో మరో పుస్తకం, 2016లో సినిమా. ఇంతకీ ఎవరీ ఫాసెట్?

వృత్తిరీత్యా సర్వేయరు. రబ్బరుకు గిరాకీ పెరిగి, ఎవరికీ పట్టని అడవికి కూడా విలువ వచ్చేసరికి బొలీవియా, బ్రెజిల్‌ల మధ్య సరిహద్దు తేల్చాల్సి వచ్చింది. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తరఫున 1906లో అతను ఆ పనికి వెళ్ళాడు. దోమలు, జ్వరాలు, ఆకలి మధ్య థియోడొలైట్‌తో నదుల జాడ కొలిచాడు. ఆ పని గట్టిదే. 62 అడుగుల అనకొండను కాల్చానని చెప్పుకున్నప్పుడు మాత్రం జంతుశాస్త్రజ్ఞులు నవ్వారు!

అడవిలో నగరం ఉంటుందన్న ఆలోచన అతనికి ఎలా వచ్చింది? ఒక ఆధారం రియో డి జనైరో జాతీయ గ్రంథాలయంలోని 1753 నాటి రాతప్రతి. కమానులు, విగ్రహాలు ఉన్న పాడుబడ్డ రాతి నగరాన్ని చూశామని అందులో ఉంది. పైగా, పడుచుతనంలో ఫాసెట్ సిలోన్‌లో, త్రికోణమలైలో ఫిరంగిదళ అధికారి. అనురాధపురం, పొలన్నరువ శిథిలాలపై పెరిగిన అడవిని తొలగిస్తున్న కాలమది. మహానగరాన్ని కూడా చెట్లు కప్పేయగలవని ఆ ద్వీపంలో ఉన్నవాడికి వేరే చెప్పాలా? తను వెతికే నగరానికి అతను పెట్టుకున్న పేరు ఒక్క అక్షరం: జెడ్.

చివరి మజిలీ 11 డిగ్రీల 43 నిమిషాల దక్షిణ అక్షాంశం వద్ద ఉందని అతని పుస్తకంలో ఉంది. అతనిదే మరో కాగితంలో అది 13 డిగ్రీల 43 నిమిషాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. తేడా ఎంతో మీరే లెక్కకట్టండి. పొరపాటో, పోటీదారులను పక్కదారి పట్టించే ఎత్తో గాని, వెతకబోయినవాళ్ళకు అది ఉచ్చయింది. 1928లో జార్జ్ డయట్ బృందం వెళ్ళి ఉత్త చేతులతో వచ్చింది. 1932లో స్టెఫాన్ రాటిన్ వెళ్ళి తానూ మాయమయ్యాడు. 1951లో కొన్ని ఎముకలు దొరికితే, అవి ఫాసెట్‌వి కావని లండన్‌లో పరీక్షించినవాళ్ళు తేల్చారు. అక్కడి కలపాలో ప్రజలు తరతరాలుగా చెప్పుకునేది ఇది: తూర్పుకు పోవద్దన్నాం, వినలేదు. కొన్నాళ్ళు వాళ్ళ పొయ్యి పొగ కనిపించింది. తర్వాత కనిపించలేదు.

వచ్చిన ప్రతివాడూ ఆ ప్రజలను అడిగింది ఫాసెట్ గురించే. మీ తాతల ఊళ్ళు ఎక్కడ అని అడిగినవాడు అరుదు. అలా అడిగిన పురావస్తు శాస్త్రజ్ఞుడు మైకేల్ హెకెన్‌బర్గర్. షింగు నది ఎగువన కుయికురో ప్రజలతో కలిసి ఉంటూ వెతికితే, సుమారు 13 నుంచి 17వ శతాబ్దం వరకు వర్ధిల్లిన ఊళ్ళ సమూహాలు బయటపడ్డాయి. ఒక్కోదాని చుట్టూ కందకం, కొన్నిచోట్ల 5 మీటర్ల లోతు. నడుమ గుండ్రని మైదానం. ఊరికీ ఊరికీ మధ్య తిన్నని, వెడల్పాటి బాటలు.

మరి ఫాసెట్ కంటికి ఇవెందుకు ఆనలేదు? అతను రాయి కోసం వెతికాడు. ఇక్కడివాళ్ళు కట్టింది మట్టితో, కర్రతో, గడ్డితో. కర్రా గడ్డీ కుళ్ళిపోతే మిగిలేవి గట్లు, గుంటలు, మనుషులు చాలాకాలం ఉన్నచోట ఏర్పడే సారవంతమైన నల్లమట్టి. పైగా అంతటి నగరం కట్టినవాళ్ళు ఎక్కడినుంచో వచ్చిన తెల్లజాతివాళ్ళే అయ్యుంటారని అతని నమ్మకం. ఎదురుగా ఉన్న చిన్న పల్లెల వారసులను అనుమానించలేదు. ఆ పల్లెలు చిన్నవి కావడానికి పెద్ద కారణం యూరప్ నుంచి వచ్చిన మశూచి, తట్టు వంటి జబ్బులే.

2003లో 'సైన్స్' పత్రికలో ఈ వివరాలు అచ్చయ్యాయి. రచయితల పేర్లలో, హెకెన్‌బర్గర్ పక్కన, ఇద్దరు కుయికురోల పేర్లు ఉన్నాయి.