ముక్కుకు కొంగు అడ్డమైతే చాలా?

కొత్త నేతచీర మడత విప్పగానే అంచు చూస్తాం, రంగు చూస్తాం, ధర చూసి ఓ నిట్టూర్పు విడుస్తాం. ఆ దారం వెనక ఎవరి ఊపిరి ఉందో మాత్రం ఆలోచించం.

నేతకు ఎమ్మిగనూరు పేరుమోసిన ఊరు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించి, మగ్గాన్ని నమ్ముకున్న ఇళ్ళకు ఆసరా కల్పించారు. దగ్గర్లోనే ఆదోని. పత్తి వ్యాపారం జోరు చూసి జనం దాన్ని 'రెండో బొంబాయి' అన్నారు. మగ్గం కథ చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. దూది దుమ్ము కథే ఎవరికీ పట్టలేదు.

గింజ తీసే జిన్నింగు మిల్లులో దూదితోపాటు ఎండాకు పొడీ, నూగూ, మట్టీ లేస్తాయి. అక్కడ పత్తి మోసే ఆడకూలీకి దొరికే రక్షణ, చాలాసార్లు, ముక్కుకు చుట్టుకున్న కొంగే!

నార దువ్వేవాళ్ళకు దుమ్మువల్ల దగ్గూ ఆయాసమూ వస్తాయని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే రాశాడు. 1950లలో ఇంగ్లండు నూలుమిల్లుల్లో డాక్టర్ షిల్లింగ్ పరిశోధన చేస్తూ, ఛాతీ ఏ రోజు బిగుస్తుందని కార్మికుల్ని అడిగాడు. సోమవారమన్నారు! సెలవు తీసుకుని పనిలోకి వచ్చిన రోజే ఊపిరాడదన్నమాట. అది సోమరితనం కాదు, సోమవారపు జబ్బు. డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అన్నారు. మన దేశపు పరిహార చట్టంలోనూ దానికి చోటు దొరికింది.

ఆ చీర ఉతికే సబ్బుపొడికీ ఇలాంటి కథే ఉంది. 1960లలో మరకల్ని కరిగించే ఎంజైముల పొడులు బజారుకొచ్చాయి. ఇంట్లో వాడే చెంచాడు పొడితో ప్రమాదం తక్కువే. బస్తాలకొద్దీ కలిపే ఫ్యాక్టరీలో మాత్రం ఆ పొడి గాలిలో లేచి కార్మికులకు ఉబ్బసం తెస్తోందని 1969లో బ్రిటన్ డాక్టర్లు ఫ్లింట్, పెపిస్ బయటపెట్టారు. కంపెనీలు ఎంజైముకు పైపూత వేసి గుళికలు చేశాయి, యంత్రాలకు మూతలు బిగించాయి. జబ్బు తగ్గింది. అంతటితో తీరిపోయిందనుకుంటే, గుళికలు వాడే ఆధునిక ఫ్యాక్టరీలోనే ఉబ్బసం ఉన్నట్టు 2000లో మరో పరిశోధన తేల్చింది. కాపలా సడలితే దుమ్ము ఊరుకుంటుందా?

దుమ్మును ఆపాల్సింది ముక్కు దగ్గర కాదు, యంత్రం దగ్గర. అందుకు ముందు ఎవరో ఒకరు అడగాలి. ఆదోని కూలీ దగ్గుతూ ఆస్పత్రికొస్తే, చలిగాలి తగిలిందని మందుబిళ్ళ చేతిలో పెట్టి పంపకుండా, "ఏ దినం ఎక్కువైతాదమ్మా నీకు?" అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి!