సీమ సైకిలు, స్వదేశపు సైకిలు



మా యింటి సావిడిలో ఒక పాత సైకిలు గలదు. 1938వ సంవత్సరమున మా నాయనగారు దానిని బెజవాడలో కొనిరి. ముందరి గొట్టముపై బిగించిన రేకుబిళ్ళమీద ఇంగ్లండులోని నాటింగ్‌హాము పట్టణపు పేరు నేటికిని చదువ వీలగుచున్నది. దాని ప్రక్కనే మా మనుమనికి క్రిందటి సంవత్సరము కొనిన కొత్త సైకిలు నిలిపియున్నది. దానిమీద మన దేశపు సంస్థ పేరు బెత్తెడు అక్షరములతో వ్రాయబడియున్నది. వీనిలో స్వదేశపుది యేది, సీమసరకు ఏది యని యెవరైన నడిగినచో, మొన్న మొన్నటివఱకును నేను తడుముకొనక చెప్పియుందును. ఇప్పుడు చెప్పుటకు జంకుచున్నాను. ఆ జంకునకు కారణమును విన్నవించుటకే ఈ ప్రసంగము.

మా నాయనగారు ఖద్దరుధారులు. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలైన పెద్దలు స్థాపించిన జాతీయ కళాశాలలో కొంతకాలము చదివినవారు. పుస్తకముల చదువుతోబాటు చేతిపనులను గూడ నేర్పిన విద్యాలయమది. అట్టివారు సైకిలు కొనితెచ్చిన దినమున మా మేనమామగారు అరుగుమీద కూర్చుండి, "ఏమి బావా! ఒంటిమీద ఖద్దరు, కాలిక్రింద సీమ సైకిలా? రేపు గాంధీగారు మన ఊరికి వచ్చిన ఏమని చెప్పెదవు?" అని పదుగురిలో పరిహసించిరట. నాయనగారు కోపింపక, "రాట్నము చెడినచో మన వడ్రంగి బాగుచేయును. సైకిలు చేయగలవానిని మన దేశమున ఒకని చూపుము బావా, రేపే దీనిని తిరిగి యిచ్చివేసెదను" అనిరట. ఇది నేను పుట్టకముందటి మాట; మా అమ్మగారు చెప్పగా వింటిని.

స్వదేశీయోద్యమము 1905 ఆగష్టు 7వ తేదీన కలకత్తా టౌనుహాలు సభలో విదేశవస్తు బహిష్కార తీర్మానముతో తలయెత్తెను. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు మొదలగు పట్టణములలో ఉపన్యసించిన పిమ్మట ఆ గాలి తెలుగునాట బలముగా వీచెను. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘమువారు దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించిరి. ఇందులో ముఖ్యమైనది బట్ట. ప్రత్తి మన చేలోనిది, వడుకువారు మన యింటివారు, నేయువారు మన ప్రక్కవీథివారు. కావున సీమగుడ్డ మానుమని చెప్పినవారు దానికి బదులేదో వెంటనే చూపగలిగిరి. గాంధీగారు 1925లో తమ పత్రికలో ఈ భేదమును దాచక వ్రాసిరి. శస్త్రచికిత్స పనిముట్లను ఇంగ్లండునుండియు, గడియారములను స్విట్జర్లాండునుండియు తెప్పించుకొనుటకు వారికి సంకోచము లేదు. నూలుబట్ట మాత్రము ఎంత శ్రేష్ఠమైనదైనను ఒక్క అంగుళము కొనరు. మనవారు చేయగలదానిని కాదని పరులది కొనుట తప్పు, చేయలేనిదానిని కొనుట తప్పు గాదు అని మా నాయనగారు దీనికి అర్థము చెప్పుకొనిరి. అయితే చేయలేనిదానిని ఎన్నాళ్ళు చేయలేకయుండవలెను? మా మేనమామగారి పరిహాసములోని ముల్లు ఇదియే.

సైకిలు ఒక వస్తువు గాదు, అనేక వస్తువుల కూటము. చట్రము, ఫోర్కు, చేతిపిడి, రిమ్ములు, హబ్బులు, పుల్లలు, గొలుసు, ఫ్రీవీలు, క్రాంకులు, పెడళ్ళు, తోలుసీటు, టైర్లు, ట్యూబులు, ఇరుసులలో తిరుగు ఉక్కుగుండ్లు. ఒక్కొక్కదానికి వేఱు యంత్రము, వేఱు పనివాడు. సీమలోనైనను ఇవి యన్నియు ఒక్క కప్పుక్రింద పుట్టినవి గావు. నేటి ఆకారముగల సైకిలును 1885లో జాన్ కెంప్ స్టార్లీ కవెంట్రీలో చేసెను. దానికి కావలసిన రోలరు గొలుసును అంతకు అయిదేండ్ల ముందే మాంచెస్టరులో హాన్స్ రెనాల్డు కనిపెట్టియుండెను. గాలి టైరును 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికొఱకు ఆలోచించి చేసెను. తోలుసీట్లు బర్మింగుహామువి. ఈ పట్టణములకు పూర్వజన్మ మొకటి యున్నదని నాకు తోచును. కవెంట్రీలో సైకిలుకంటె ముందు గడియారములు, కుట్టుమిషనులు చేసెడివారు, బర్మింగుహాములో తుపాకులు. తుపాకి గొట్టము సాగదీయ నేర్చిన చేతికి సైకిలు గొట్టము కష్టము గాదుగదా.

మన దేశమున జంషెడ్‌పూరులో 1912లో ఉక్కు తయారు కాసాగెను. 1936లో కలకత్తాకు ఎగువను, హుగ్లీతీరమున సహాగంజిలో డన్‌లప్ సంస్థవారు టైర్ల కర్మాగారము తెఱచిరి. నాయనగారు సైకిలు కొనిన ఆ 1938–39 ప్రాంతములందే కలకత్తాలో ఒకటి, పాట్నాలో ఒకటి, బొంబాయిలో ఒకటి సైకిళ్ళ కర్మాగారములు పుట్టుచుండెను. మా మేనమామగారికి చెప్పవలసిన జవాబు అప్పుడే సిద్ధమగుచున్నదన్నమాట. ఆ వార్త మా అరుగువఱకు రాలేదు.

ఇంతలో యుద్ధము వచ్చెను. సీమసరకు రాక తగ్గెను. 1942లో మలయా జపానువారి వశమైన పిమ్మట రబ్బరునకు కఱవు వచ్చెను. టైరు చినిగినచోట లోపల పాతటైరు ముక్క వేసి దబ్బనముతో కుట్టించుకొని, నాయనగారు కాలువగట్టు వెంబడి అయిదుమైళ్ళ దూరములోని బడికి పోయి పాఠములు చెప్పి వచ్చెడివారు. చక్రము తిరిగినపుడెల్ల ఆ కుట్టు నేలకు తగిలి ఎగురగొట్టెడిదట. పరదేశపు ఓడమీద ఆధారపడిన బండి యేపాటిదో వారికి అప్పుడు వెన్నెముకతో తెలిసెను.

యుద్ధానంతరము 1946లో సుంకముల విచారణ సంఘమువారు సైకిళ్ళ పరిశ్రమను పరిశీలించిరి. 1947లో దానికి సుంకపు రక్షణ లభించెను. అనగా పైదేశపు సైకిలుమీద పన్ను హెచ్చుగా వేసి, లోపలివానికి కాలూనుకొనుటకు వ్యవధి నిచ్చుట. ఆ హెచ్చు ధరను భరించినది కొనువారే యని మఱువరాదు. పిదప కర్మాగారములు వరుసగా లేచెను. మదరాసు చెంత అంబత్తూరులో మురుగప్ప కుటుంబమువారు ఇంగ్లండువారితో కలిసి 1949లో స్థాపించిన టి.ఐ. సంస్థ, 1951లో సోనీపత్తులో జానకీదాసు కపూరుగారి అట్లాసు, 1952లో ఆసన్‌సోలు దగ్గఱ సుధీరకుమార సేనుగారు రాలీవారితో కలిసి పెట్టిన సేన్‌–రాలీ. 1950–51లో పెద్ద కర్మాగారములన్నిట తయారైనవి సుమారు లక్ష సైకిళ్ళు. 1960–61 నాటికి అవి 10 లక్షలు దాటెను.

అంబత్తూరులో చేసిన సైకిలుపై హెర్క్యులీస్ అను సీమపేరే యుండెడిది. అది స్వదేశీయా కాదా యని మా ఊరి గ్రంథాలయములో ఒక సాయంకాలమంతయు వాదము జరిగెను. లాభములో వాటా సీమకు పోవుచున్నదని కొందఱు; కూలి ఇక్కడివారికే దక్కుచున్నదని కొందఱు. నాయనగారు మాత్రము, "ముందు పని మనచేతికి రానిండు, పేరు తరువాత చూచుకొందము" అనిరి. నాకప్పుడు ఆ మాట తప్పించుకొను జవాబుగా తోచినది. ఇప్పుడట్లు తోచుట లేదు.

1956 ప్రాంతమున నాయనగారి సైకిలు గొలుసు అరిగిపోయెను. అంగడిలో రెండు రకములున్నవి: పాతనిలువలోని సీమగొలుసు ఒకటి, ఉత్తరదేశపు చిన్న కార్ఖానా ఒకదానిలో చేసిన గొలుసు ఒకటి. నాయనగారు రెండవది కొనిరి. అది ఇరువది దినములలో సాగి, పండ్లు పట్టక జాఱసాగెను; ఒకనాడు వంతెన ఎక్కుచుండగా తెగి, వారు క్రిందపడి మోకాలు చీరుకొనిపోయెను. మా అమ్మగారు గాయమునకు పసుపు అద్దుచు, "మీ స్వదేశీ యీ మోకాలిమీద వ్రాసియున్నది" అనిరి. పదునారేండ్ల నేను నవ్వితిని. నాయనగారు నవ్వలేదు. తెగిన లంకె నొకదానిని కాగితములో చుట్టి, ఉక్కునకు నీరుపట్టుట సరిగా లేదని వ్రాసి, ఆ కార్ఖానాకు పంపిరి. జవాబు రాలేదు. మఱి రెండు ఉత్తరములు వ్రాసిరి. జవాబు రాలేదు. అయినను మరల సీమగొలుసు కొనలేదు. వేఱొక స్వదేశపు గొలుసు తెచ్చిరి. అది యేండ్ల తరబడి నడచెను. ఊరకుండి కొనువాడును, ఊరకుండి మానువాడును చేయువానికి ఏమియు నేర్పరని వారు నాతో ననిరి. అంగడివాడు మాత్రము వారు వచ్చుట చూచినచో గొలుసుల పెట్టె లోపల దాచెడివాడు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయము చెప్పవలెను. కథకు అదియే కీలము. మన దేశపు సైకిలు కర్మాగారములు ఇంగ్లండు సైకిలు కొలతలనే యథాతథముగా స్వీకరించినవి. టైరు 28 అంగుళములు, దాని మందము ఒకటిన్నర. ముందుచక్రమునకు 32 పుల్లలు, వెనుకచక్రమునకు 40. గొలుసు లంకె అర అంగుళము. కావున 1938నాటి నాటింగ్‌హాము బండికి 1960నాటి పంజాబు భాగము చక్కగా అమరును. మా ఊరి మరమ్మతువాడు దేశమేదని అడుగక, ఏది దొరకిన దానిని బిగించెను. పుల్లలు మొదట పోయినవి, పిదప గొలుసు, ఫ్రీవీలు, ఉక్కుగుండ్లు, పెడళ్ళు, రిమ్ములు, సీటు, క్రాంకులు. 1983లో నాయనగారు గతించిన పిమ్మట నేనొకనాడు ఆ బండిని కడుగుచు లెక్కించితిని. సీమనుండి వచ్చినవి చట్రము, చేతిపిడి, బ్రేకు కడ్డీలు, ఆ రేకుబిళ్ళ. తక్కినదంతయు మన దేశపుదే. ముప్పదియేండ్లలో ఒక్కొక్క మఱచుట్టుగా ఆ బండి మతము మార్చుకొనెను.

ఆ భాగములలో హెచ్చువంతు లూధియానావి. ఆ పట్టణమునకును పూర్వజన్మ కలదు: ఉన్ని అల్లికలు, కుట్టుమిషనులు. నేడు పశ్చిమ పంజాబులో నున్న కమాలియానుండి వచ్చిన ముంజాల్ సోదరులు మొదట సైకిలు భాగముల వర్తకులు. పిదప ఫోర్కులు, చేతిపిడులు చేసి, 1956లో పూర్తి సైకిలు చేయసాగిరి. మొదటి యేట చేసినవి 639. 1986 నాటికి ప్రపంచమున అందఱికంటె నెక్కుడు సైకిళ్ళు చేయువారుగా గిన్నెస్ గ్రంథమున కెక్కిరి. వారి హీరో అను పేరు దేశవిభజన కాలమున పాకిస్తానునకు వెడలిపోవుచున్న ఒక ముసల్మాను సీట్ల వ్యాపారి వారికి విడిచిపోయినదని ఆ కుటుంబమువారే చెప్పుకొందురు. ఇన్ని లక్షల బండ్లమీద ఆ పేరు చదివినవారిలో అది యొక వీడ్కోలు కానుక యని ఎందఱెఱుగుదురు?

ఇక కొత్త సైకిలు మాట. మా మనుమనిది గేర్ల బండి. కొనిన నాలుగు నెలలకు గొలుసు ఒక పంటినుండి మఱియొక పంటికి మాఱక మొరాయించెను. గుడివాడలో మరమ్మతుచేయు అబ్బాయి దానిని విప్పి, ఒక్కొక్క భాగమును గుడ్డతో తుడిచి నాకు చూపెను. గేరు మార్చు పరికరముపై షిమానో అను జపాను సంస్థ పేరు, క్రింద సింగపూరు అని చిన్న అక్షరములు. గొలుసుమీద చైనా. బ్రేకు మీటలమీద చైనా. "మాస్టారూ, పేరు మనదేగాని కడుపంతా పరాయిదండీ" అనెను. టైర్లు, సీటు, మడ్‌గార్డులు మాత్రము మనవి.

షిమానోవారిని నిందించుటకు నాకు నోరు రాదు. జపానులోని సకాయి పట్టణమున 1921లో ఫ్రీవీలు ఒక్కటే చేయుటతో వారు మొదలిడిరి. ఆ సకాయి సహితము పూర్వము కత్తులకు, తుపాకులకు పేరుపడినదే. మనకు లూధియానా యుండగా గేరు ఏల పరాయిదయ్యెను? నా అభిప్రాయము నిష్ఠురముగా నుండవచ్చును. కాలూనుకొనుటకు కట్టిన సుంకపు గోడను మనము నిద్రకు నీడ చేసికొంటిమి. అదే నల్లని బండిని, అదే కొలతతో, నలుబదియేండ్లు చేసి అమ్మితిమి. కొనువారమును చవుకగా నున్నదని సంతోషించితిమేగాని కొత్తదానిని అడుగలేదు. ఆసన్‌సోలు కర్మాగారము ప్రభుత్వపరమై, పిదప మూతపడెను. అట్లాసువారు 2020 జూను 3వ తేదీన, సరిగా ప్రపంచ సైకిలు దినమునాడే, సాహిబాబాదు కర్మాగారములో పని నిలిపివేసిరి. చైనా తరువాత ఎక్కువ సైకిళ్ళు చేయు దేశము నేటికిని మనదే. కాని ఆ సంఖ్యలో గేరు లోపలి పండ్లు ఎవరివో కనబడవు.

ఆ దినమున మరమ్మతు అయిన పిమ్మట నేను కార్డు తెప్పించి, బండి చేసిన సంస్థవారికి ఒక ఉత్తరము వ్రాసితిని. మీ బండిలో ఏ భాగము ఎక్కడ చేయబడినదో చెప్పుడు, గేరును ఇక్కడ చేయించు ఆలోచన మీకున్నదా యని అడిగితిని. మా మనుమడు, "తాతగారూ, ఈ కాలంలో కార్డు ఎవరు చదువుతారు?" అని నవ్వెను. వానికి నా మోకాలు కథ తెలియదు. అది మా నాయనగారి మోకాలు లెండి. జవాబు ఇంకను రాలేదు. మొన్న రెండవది వ్రాసి టపాలో వేసితిని.

పాత బండికి వెనుక చక్రములో నాలుగు పుల్లలు విరిగియున్నవి. లూధియానా పుల్లలు తెచ్చి ఆదివారము బిగించెదనని ఆ అబ్బాయి చెప్పియున్నాడు.