రీసెట్ మీద వేలు

రాత్రి రెండు దాటింది. తూర్పు తీరంలో ఒక రిఫైనరీ. సబ్‌స్టేషన్‌లో నువ్వొక్కడివే ఉన్నావు. ఎదురుగా ప్యానెల్లో ఎర్రదీపం వెలుగుతోంది. సల్ఫర్ లైను హీటింగ్, ఎర్త్ లీకేజీ ట్రిప్. పడిపోయిన బ్రేకర్ మీద వేలు పెట్టావు. పైకి తోస్తే చాలు.

వాకీటాకీ గరగరలాడుతుంది. కంట్రోల్ రూమ్ నుంచి ఆపరేటర్.

"ఏటి తమ్ముడూ, లైను చల్లబడిపోతంది. రీసెట్ కొట్టీ."

బయట వాన వెలిసి ఒకటే ఉక్క. ఇంత ఉక్కలో పైపుకు మళ్లీ వేడెందుకు? ఆ పైపులో పారేది ద్రవ గంధకం. 119 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. 160 దాటనిస్తే ముదురుపాకంలా సాగుతుంది, పంపుకు లొంగదు. ఆ రెండింటి మధ్య దాన్ని పట్టి ఉంచాలి. అందుకే పైపు వెంబడి, ఇన్సులేషన్ కింద, స్టీలు తొడుగు వేసిన హీటింగ్ కేబుల్ ఉంది. ఇప్పుడు దానికి కరెంటు లేదు.

ఒక్కసారి వేసి చూద్దామా? నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే మళ్లీ పడుతుంది. చాలా ప్లాంట్లలో చాలామంది చేసే పనే ఇది.

కానీ ఈ బ్రేకర్ ఊరికే పడదు. 30 మిల్లీఆంపులు దారి తప్పి భూమిలోకి పోతే పడుతుంది. పక్కనున్న మామూలు బ్రేకర్ 20 ఆంపులది. కేబుల్‌కు ఎక్కడో చిల్లు పడి రెండు మూడు ఆంపుల నిప్పురవ్వ కొడుతుంటే దానికి అది లెక్కలోకే రాదు. హీటరు పని చేస్తోందనే అనుకుంటుంది. చిల్లు దగ్గర స్టీలు కరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి పట్టుకునేది ఈ 30 ఒక్కటే. ఇప్పుడు నువ్వు నొక్కబోతున్నది దాని నోరే.

వేలు తీస్తావు. తాళం వేస్తావు. ట్యాగ్ కడతావు.

"రీసెట్ చెయ్యట్లేదన్నా. ముందు మెగ్గర్ పెట్టాలి."

"ఈలోగా గడ్డకట్టీదంటే?"

"గడ్డకట్టనీ అన్నా."

మెగ్గర్, అంటే కేబుల్ ఇన్సులేషన్ గట్టిదనం కొలిచే మీటరు, చేతిలోకి తీసుకుంటావు. ఇక్కడ గాలిలో మండే గ్యాస్ లేదు. రెండు వైర్లు తగిలించి 500 వోల్టులు పంపితే నిమిషంలో తేలిపోతుంది. తగిలించబోయి ఆగుతావు. నువ్వున్నది సబ్‌స్టేషన్‌లో. చిల్లున్నది సబ్‌స్టేషన్‌లో కాదు. ఇక్కడ మీట నొక్కితే నిప్పురవ్వ ఎగిరేది అక్కడ, పైపు మీద. అక్కడ గాలిలో ఏముందో ముందు చూడాలి.

సేఫ్టీ కుర్రాడిని వెంటబెట్టుకుని లైను పట్టుకుని నడుస్తావు. చొక్కా జేబుకు గ్యాస్ డిటెక్టర్ ఉంది. పైపు మీద వేలాడుతూ చిన్న రేకు బిళ్ల, దాని మీద టీ3 అని ముద్ర. కేబుల్ ఒంటి మీద వేడి 200 డిగ్రీలు దాటదని మాట ఇస్తున్న ముద్ర అది. గంధకంలోంచి ఊరే హైడ్రోజన్ సల్ఫైడ్ 260 దగ్గర నిప్పు లేకుండానే అంటుకుంటుంది. మధ్యనున్న 60 డిగ్రీలే నీ ధైర్యం. కేబుల్ చిట్లిన చోట మాత్రం ఆ ముద్రకు విలువ లేదు. అక్కడ పుట్టే నిప్పురవ్వకు డిగ్రీల లెక్కతో పని లేదు.

సల్ఫర్ గుంట దగ్గరికి వచ్చారు.

కుళ్లిన గుడ్డు వాసన.

డిటెక్టర్ అరుస్తుంది. పది లక్షల్లో పన్నెండు వంతులు. అడుగు వేస్తావు. పందొమ్మిది. ఈ గ్యాస్ మండాలంటే గాలిలో నాలుగు శాతం ఉండాలి, అంటే పది లక్షల్లో 40 వేల వంతులు. దానికి ఎంతో ముందే మనిషి పడిపోతాడు. మరి గాలాడని ఇన్సులేషన్ లోపల, మూత కింద ఎంత ఉందో? జేబులో మీటరుకు తెలియదు.

ఇరవై ఆరు.

ఆగు. ముక్కును నమ్మకు. వంద దాటితే వాసనే తెలియదు. గాలి సంచి ఎటు ఎగురుతోంది? ఎడమకు. గాలికి అడ్డంగా జరుగు. కుర్రాడి చెయ్యి పట్టు. పరుగు వద్దు. నడు.

తొమ్మిది. నాలుగు. సున్నా.

ఊపిరి పీల్చుకుని రేడియో నొక్కుతావు. "గుంట దగ్గర గ్యాస్ కొడుతోందన్నా."

అవతల మాట లేదు. ఆయనది మల్కాపురం. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ అంటుకుని దాదాపు 60 మంది పోయిన రోజుకు ఆయన బళ్లో చదువుకుంటున్నాడు. ఇక రీసెట్ మాట ఎత్తడు. "అక్కడే ఉండండి, నాను మనుషుల్ని పంపిస్తన్నాను," అంటాడు.

గాలి సిలిండర్లు వీపుకు తగిలించుకుని ఇద్దరు వస్తారు. గుంట మూత సరిగా కూర్చోలేదు, బిగిస్తారు. గాలి తేటపడేదాకా ఆగుతారు. లైను పొడుగునా మీటరు సున్నా చూపించాకే పర్మిట్ మీద సంతకం. కుర్రాడు డిటెక్టర్ పట్టుకుని పైపు దగ్గర నిలబడ్డాక నువ్వు సబ్‌స్టేషన్‌లో మెగ్గర్ మీట నొక్కుతావు. కనీసం 20 మెగాఓమ్‌లు ఉండాల్సిన చోట సగం కూడా లేదు.

తెల్లవారుతుంటే ఒక వంపు దగ్గర రేకు విప్పుతారు. కొత్తగా బిగించిన స్క్రూ ఒకటి, ఉండాల్సిన దానికంటే పొడుగు, రేకునీ ఇన్సులేషన్‌నీ దాటి కేబుల్ తొడుగులో దిగింది. ఆ చిల్లులోంచి వాననీరు లోపలికి జారింది. కేబుల్ లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమను ఇట్టే పీల్చుకుంటుంది.

పైపులో గంధకం గడ్డకట్టింది. కొత్త కేబుల్ వేశాక కూడా హడావుడిగా వేడి పెట్టడానికి లేదు. కరిగేటప్పుడు గంధకం ఉబ్బుతుంది. రెండు గడ్డల మధ్య ముందు కరిగితే పోయే దారి లేక పైపును చీల్చుతుంది. తెరిచి ఉన్న కొస నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ రావాలి. ఈ రోజంతా దానికే సరిపోతుంది. ఆపరేటర్ తిడతాడు. తిట్టనీ.

ఇన్సులేషన్ పని చేసిన కుర్రాడిని పిలిపిస్తావు. "స్క్రూల డబ్బా తీసుకురారా." నేల మీద ఒంపిస్తావు. అన్నీ పొడుగువే. వారం నుంచి ఈ డబ్బాతోనే పని చేస్తున్నానంటాడు. ఏ ఏ వంపుల దగ్గర పని చేశావో గుర్తు చేసుకోమని చెప్పి, లైను డ్రాయింగ్ తెరిచి, పెన్ను అతని చేతికిస్తావు.