చర్చికి తిరిగొచ్చిన కుటుంబాలు: ఛోటానాగ్‌పూర్ చరిత్ర మనకు చెప్పేది



ప్రతి ఏటా నవంబర్ 15న మనం బిర్సా ముండాను తలచుకుంటాం. పటానికి పూలదండ వేస్తాం, డప్పు కొడతాం, ఉల్గులాన్ గురించి మాట్లాడుకుంటాం. 2021 నుంచి ఆ రోజును దేశమంతటా జనజాతీయ గౌరవ దినంగా కూడా జరుపుతున్నారు. అయితే బిర్సా జీవితంలో ఒక భాగాన్ని మన సభల్లో ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. అది ఆయన కుటుంబం ఒక విశ్వాసం నుంచి మరో విశ్వాసానికి సాగించిన ప్రయాణం. ఈ సంచికలో మేము దాని గురించి రాయాలనుకున్నాం. ఎందుకంటే ఆ ప్రయాణం ఒక్క బిర్సా ఇంటిది కాదు. ఛోటానాగ్‌పూర్‌లో వేల ముండా, ఉరావ్, ఖడియా కుటుంబాలు చర్చిలో చేరాయి, కొన్ని వదిలేశాయి, వాటిలో కొన్ని పిల్లాపాపలతో మళ్లీ వచ్చాయి. ఈ రాకపోకలు ఎందుకు జరిగాయో తెలిస్తే మన గూడేల్లో ఈరోజు వినిపిస్తున్న చాలా వాదనలు అర్థమవుతాయి.

బిర్సా ఇంటి కథ

బిర్సా 1875లో నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి సుగానా ముండా జర్మన్ లూథరన్ మిషన్‌లో చేరి క్రైస్తవుడయ్యాడు. బిర్సా కూడా జ్ఞానస్నానం పొంది దావీదు అనే పేరు తీసుకున్నాడు. చాయ్‌బాసాలోని మిషన్ బడిలో 1886 నుంచి 1890 వరకు చదివాడు. ఆ రోజుల్లో ముండా సర్దార్లు భూమి కోసం పోరాడుతున్నారు. ఆ పోరాటానికి మిషన్ అండగా నిలవలేదన్న కోపం ఊళ్లలో పెరిగింది. బిర్సా కుటుంబం లూథరన్ మిషన్‌ను వదిలేసింది. కొంతకాలం కతోలికులుగా ఉంది. ఆ తరువాత తమ పాత ముండా ఆచారాలకు మళ్లింది. చివరికి బిర్సా తన సొంత బోధన మొదలుపెట్టాడు.

ఒకే ఇల్లు కొన్నేళ్లలో ఇన్ని మలుపులు తిరిగింది. దీన్ని చూసి నిలకడ లేనివాళ్లని అనేవారు ఉంటారు. మేము అలా అనుకోవడం లేదు. ఆ మలుపులన్నిటి వెనుక ఒకటే ప్రశ్న ఉంది: మా భూమి మాకు దక్కాలంటే, మా దేవుడు మాకు తోడుండాలంటే ఎవరితో నడవాలి?

ఎందుకు వెళ్లారు?

1845 నవంబర్‌లో నలుగురు జర్మన్ గోస్నర్ మిషనరీలు రాంచీ చేరారు. దాదాపు ఐదేళ్ల పాటు పెద్దగా ఎవరూ చేరలేదు. 1850లో మొదటిసారి నలుగురు ఉరావ్‌లు జ్ఞానస్నానం తీసుకున్నారు. తరువాత సంఖ్య పెరిగింది. 1869 నాటికి ఆ మిషన్‌లో చీలిక వచ్చి కొందరు ఆంగ్లికన్ మిషన్‌లోకి వెళ్లారు. అదే కాలంలో జెస్విట్ ఫాదర్ స్టాక్‌మన్ చాయ్‌బాసాలో కతోలిక పని ఆరంభించాడు. 1873లో ఖూంట్‌పానీ అనే ఊళ్లో 28 మందికి ఆయన జ్ఞానస్నానం ఇచ్చాడు. వాళ్లు విడివిడి మనుషులుగా రాలేదు, కుటుంబాలుగా వచ్చారు. ఆదివాసీ ఊరిలో ఏ పెద్ద నిర్ణయమైనా ఇంటి పొయ్యి దగ్గర, ఊరి అఖ్రా దగ్గర జరిగేదే.

1885లో బెల్జియం నుంచి వచ్చిన ఫాదర్ కాన్‌స్టంట్ లీవెన్స్ తోర్పా చేరడంతో పరిస్థితి మారిపోయింది. జమీందార్లు వెట్టిచాకిరీ చేయించుకుంటున్నారు. కట్టిన శిస్తుకు రసీదు ఇవ్వడం లేదు. కోర్టులో ఆదివాసీ భాష అర్థం చేసుకునేవాడు లేడు. లీవెన్స్ చట్టం చదివాడు, కేసులు అర్థం చేసుకున్నాడు, రైతుల తరఫున నిలబడ్డాడు. కేసు గెలిచిన ఊరు చూసి పక్క ఊరు వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే వేల కుటుంబాలు కతోలిక తిరుసభ వైపు నడిచాయి. బర్వే ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే కదిలాయి.

ఇందులో భూమి ఆశ ఉందా అంటే ఉంది. భక్తి ఉందా అంటే అదీ ఉంది. ఈ రెండింటినీ విడదీసి చూడడం బయటివాళ్ల అలవాటు. భూమితల్లికి మొక్కకుండా విత్తనం చల్లని మనకు ఆ రెండూ ఒకే బతుకులోనివని తెలుసు.

ఎందుకు వదిలేశారు?

లీవెన్స్‌కు క్షయ వ్యాధి సోకింది. 1892లో స్వదేశం వెళ్లి, 1893 నవంబర్‌లో లూవెన్‌లో కన్నుమూశాడు. వయసు 37 ఏళ్లే. ఆయన మీద నమ్మకంతో వచ్చినవారిలో చాలామందికి బోధన సరిగా అందలేదు. ఊరికి ఒక ఉపదేశి కూడా లేని చోట్లు ఉన్నాయి. పైగా జమీందార్ల వేధింపులు. చాలామంది వెనక్కి వెళ్లిపోయారు.

తరువాత బిర్సా కాలం వచ్చింది. మిషన్లలో ఉన్న ముండాలు కూడా చాలామంది ఆయన వెంట నడిచారు. 1899లో క్రిస్మస్ ముందు రాత్రి సర్వాడాలోని కతోలిక మిషన్ మీద కూడా బిర్సా అనుచరుల బాణాలు పడ్డాయి. 1900 జనవరిలో డోంబారీ కొండ దగ్గర కాల్పులు జరిగాయి. జూన్ 9న బిర్సా రాంచీ జైలులో చనిపోయాడు. 1914లో జత్రా ఉరావ్ మొదలుపెట్టిన టానా భగత్ ఉద్యమం ఉరావ్‌లను మరో దారిలోకి పిలిచింది.

ఇలా ఒకే తరంలో అన్నదమ్ములు వేర్వేరు దారులు పట్టారు. ఒక ఇంట్లో తాత ఎముకలు ససన్‌దిరి రాతి కింద, తండ్రి సమాధి చర్చి శ్మశానంలో ఉన్న కుటుంబాలు ఏర్పడ్డాయి. ముండాలకు ససన్‌దిరి అంటే కిలీ పెద్దల రాయి. ఈ ఊరు మాది, ఈ అడవి నరికి పొలం చేసింది మా పెద్దలు అని చెప్పే సాక్ష్యం కూడా అదే. కాబట్టి చర్చిలోకి వెళ్లడమైనా, బయటికి రావడమైనా, మళ్లీ వెళ్లడమైనా, ప్రతిసారీ ఇంటిల్లిపాదినీ తాకేది.

ఎలా తిరిగొచ్చారు?

సర్వాడా మిషన్‌లో ఉన్న ఫాదర్ జాన్ హాఫ్‌మన్ తన మిషన్ మీద బాణాలు పడినా ముండాలను వదిలి వెళ్లలేదు. వాళ్ల భాష నేర్చుకున్నాడు, 1903లో ముండారీ వ్యాకరణం ప్రచురించాడు. ముండాల ఖూంట్‌కట్టీ భూమి పద్ధతి గురించి ఆయన రాసిన వివరణలు 1908 ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం తయారీకి ఉపయోగపడ్డాయి. ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా ఈ రోజుకీ ఆ చట్టమే ఆధారం. మన దగ్గర 1/70 ఎలాంటిదో అక్కడ అది అలాంటిది. బిర్సా తిరుగుబాటు ఊపు లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. బాణం వేసినవాడి త్యాగమూ, బాణం తిన్న మిషన్‌లోని పాదిరీ కలమూ రెండూ అందులో ఉన్నాయి.

1909లో హాఫ్‌మన్ కతోలిక సహకార పరపతి సంఘాన్ని స్థాపించాడు. షావుకారు వడ్డీ నుంచి రైతుకు విడుదల దొరికింది. అంతకు ముందే, 1897లో, బెర్నదెత్ కిస్పొట్టా అనే ఉరావ్ యువతి ముగ్గురు తోటివారితో కలిసి సెయింట్ ఆన్ సిస్టర్ల సభకు పునాది వేసింది. మన ఆడపిల్లే మన ఊరికి పాఠం చెప్పడానికి, రోగికి మందు ఇవ్వడానికి వచ్చింది. ఊళ్లో బడి, ఉపదేశి, మాతృభాషలో ప్రార్థన నిలదొక్కుకున్నాక, వదిలి వెళ్లిన కుటుంబాల్లో కొన్ని మళ్లీ చర్చి గడప తొక్కాయి. ఈసారి కోర్టు కేసు కోసం రాలేదు. పిల్లల చదువు, చావు పుట్టుకల్లో తోడు, మనసుకు నెమ్మది వెతుక్కుంటూ వచ్చాయి.

పెద్దయ్యాక కుటుంబంతో తిరిగొచ్చేవారి విషయంలో కతోలిక తిరుసభ పద్ధతి ఏమిటో మన యువతలో చాలామందికి తెలియదు. జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. ఎన్నేళ్లు దూరంగా ఉన్నా దాన్ని మళ్లీ ఇవ్వరు. తిరిగొచ్చినవారు పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. ఈ మధ్యలో చర్చి బయట పెళ్లి జరిగి ఉంటే, గురువు ముందు ఇద్దరు సాక్షులతో ఆ వివాహాన్ని సరిచేసుకుంటారు. భార్యాభర్తల్లో ఒకరు తమ పాత ఆచారంలోనే ఉంటామంటే, బిషప్ అనుమతితో ఆ పెళ్లి సాగవచ్చు. ఆ రెండోవారిని మతం మారమని బలవంతం చేయకూడదు. ఏడేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతితో జ్ఞానస్నానం ఇస్తారు. అంతకు పైబడిన పిల్లలు ఉపదేశం నేర్చుకుని, తామే అడిగి తీసుకోవాలి.

గమనించండి, ఇది మన పెద్దల పద్ధతికి ఎంత దగ్గరగా ఉందో. కట్టు తప్పినవారిని మన కుల పెద్దలు తప్పు కట్టించుకుని, అందరితో బంతిలో కూర్చోబెట్టి భోజనం పెట్టి కలుపుకుంటారు. వాళ్లకు కొత్త ఇంటిపేరు పెట్టరు. పుట్టుకను ఎవరూ తీసేయలేరు, తిరిగి కలిసి కూర్చోవడమే కావాలి. జ్ఞానస్నానం గురించి కతోలికుల మాట కూడా అదే.

ఏమి నిలుపుకున్నారు, ఏమి పోగొట్టుకున్నారు?

ఛోటానాగ్‌పూర్ కతోలికుల పేర్లు చూడండి. టొప్పో, లక్రా, ఎక్కా, మింజ్, ఖాఖా. టొప్పో అంటే వడ్రంగిపిట్ట, లక్రా అంటే పులి, ఎక్కా అంటే తాబేలు, మింజ్ ఒక చేప, ఖాఖా అంటే కాకి. ఇవన్నీ ఉరావ్ గోత్రాలు. 2003లో కార్డినల్ అయిన అప్పటి రాంచీ ఆర్చ్‌బిషప్ టెలెస్ఫోర్ టొప్పో కూడా ఆ వడ్రంగిపిట్ట గోత్రంవాడే. జ్ఞానస్నానంలో కొత్త పేరు చేరింది కాని గోత్రం పోలేదు. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోకూడదన్న కట్టుబాటూ నిలిచింది. మన కోయలకు గట్టు, గోండులకు సగ ఎలాంటివో వాళ్లకు గోత్రం అలాంటిది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి, దాచకూడదు. తొలి మిషనరీలు అఖ్రా ఆటపాటలను చెడ్డవిగా చూశారు. పూర్వీకులకు పెట్టే నైవేద్యాలు మాన్పించారు. చాలా ఇళ్లలో మాందర్ మూగపోయింది. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ తరువాతే ఈ ధోరణి మారింది. ఇప్పుడు అక్కడి చర్చిల్లో మాందర్ మోగుతుంది, కుడుఖ్, ముండారీ పాటలు వినిపిస్తాయి, కరమ్, సర్హుల్ పండుగలను గౌరవిస్తారు.

ఈ గౌరవం మీద కూడా వివాదం ఉంది. 2013లో రాంచీ దగ్గర సింగ్‌పూర్‌లో మరియమాత విగ్రహానికి ఎర్ర అంచు తెల్ల చీర కట్టించినప్పుడు సర్నా సంఘాలు నిరసన తెలిపాయి. మా తల్లి చీర కట్టి మా వాళ్లను లాక్కుంటున్నారని వాళ్ల బాధ. మేమూ ఆ తల్లి బిడ్డలమే, ఆ చీర మాదీ కదా అని కతోలిక ఆదివాసీల మాట. రెండు మాటల్లోనూ నిజమైన నొప్పి ఉంది. 2011 జనాభా లెక్కల్లో సుమారు 49 లక్షల మంది తమ మతాన్ని సర్నా అని రాయించుకున్నారు. ప్రత్యేక కోడ్ కావాలని 2020 నవంబర్‌లో జార్ఖండ్ శాసనసభ తీర్మానం చేసింది. ఆ గుర్తింపు వాళ్ల హక్కు.

ఈ రోజు మన ముందున్న ప్రశ్న

1960ల చివర్లో ఉరావ్ నాయకుడు, పార్లమెంటు సభ్యుడు కార్తీక్ ఉరావ్, మతం మారినవారిని షెడ్యూల్డ్ తెగల జాబితా నుంచి తీసేయాలని గట్టిగా వాదించాడు. అది చట్టం కాలేదు. ఇప్పుడు ఆ డిమాండ్ మళ్లీ బలంగా వినిపిస్తోంది. యువత చట్టం ఏముందో తెలుసుకోవాలి. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన ఆదివాసీ గుర్తింపు దానంతటదే పోదని చెప్పింది. ఆ వ్యక్తి తెగ ఆచారాలను, కట్టుబాట్లను పాటిస్తున్నాడా లేదా అన్నది ఆయా కేసులో సాక్ష్యాలను బట్టి తేల్చాలని కూడా చెప్పింది. ఈ రెండో మాట ముఖ్యం. అంటే చర్చికి తిరిగి వెళ్లే కుటుంబం తన భాషను, గోత్రాన్ని, ఊరి కట్టును వదలకుండా ఉండాలి. అలాగే ఊరు కూడా ఆ కుటుంబాన్ని వెలివేయకుండా ఉండాలి. పండుగకు పిలవకుండా, చావుకు వెళ్లకుండా మనమే దూరం పెట్టి, వాళ్లు ఆచారాలు వదిలేశారని అనడం న్యాయం కాదు.

మన ఊళ్లలోనూ పెద్దయ్యాక భార్యాపిల్లలతో చర్చికి తిరిగొచ్చే అన్నలు ఉన్నారు. చర్చి వదిలి పెద్దల దేవుళ్ల దగ్గరికి వచ్చే అక్కలూ ఉన్నారు. ఇద్దరూ మనవాళ్లే. ఆ నిర్ణయం వాళ్ల ఇంటిది. బలవంతం, ఆశ చూపడం, భయపెట్టడం ఏ వైపు నుంచి జరిగినా తప్పని చెప్పే ధైర్యం మనకుండాలి.

యువ మిత్రులారా, మేము మీ నుంచి కోరేది మూడు పనులు. మీ అవ్వాతాతలు ఎప్పుడు ఏ విశ్వాసంలో ఉన్నారో, ఎందుకు మారారో అడిగి రాసి పెట్టండి. మీ గట్టు, సగ, ఇంటిపేరు, వేల్పుల కథ నేర్చుకోండి. ఆదివారం చర్చికి వెళ్లేవారూ నేర్చుకోండి. ఊరి పండుగకు, ఊరి భూమి సమస్యకు అందరూ ఒకే చోట కూర్చోండి. మతం పేరిట విడిపోయిన ఊరి భూమిని తీసుకోవడం బయటివాడికి తేలిక. ఛోటానాగ్‌పూర్ పెద్దలు ఎంతో ఖరీదు కట్టి నేర్చుకున్న పాఠం ఇది. బిర్సా పటానికి దండ వేసే చేతులతోనే దీన్ని కూడా భద్రంగా అందుకుందాం.

జోహార్.