తుపాకీకి లైసెన్సు, పుస్తకానికి నిషేధం: తెలుగు రాజకీయ నవల వెనుక ఉన్న చట్టాల చరిత్ర

ఆయుధం కలిగి ఉండే హక్కు పౌరునిదా, ప్రభుత్వానిదా అన్న ప్రశ్న మీద అమెరికాలో ఉత్కంఠభరితమైన రాజకీయ నవలలు ఒక శాఖగానే వెలువడుతున్నాయి. 1791లో ఆ దేశ రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణ వాటికి మూలాధారం. ఆ నవలల్లో కథానాయకుడు సాధారణంగా ఒంటరివాడు. తన ఇంట్లో తుపాకీ ఉంటుంది. దాన్ని లాక్కోవడానికి కేంద్ర ప్రభుత్వం వస్తుంది. అక్కడి నుంచి కథ నడుస్తుంది.

తెలుగులో ఇటువంటి నవల ఉందా అని మన విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఆ అచ్చులో పోసినది లేదు. కాని ఆయుధం, అధికారం, ప్రభుత్వం హద్దు మీరడం అనే మూడు అంశాలూ తెలుగు రాజకీయ నవల పుట్టుకలోనే ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ “నా తుపాకీ నాకు ఉండాలా వద్దా” అన్నది ప్రశ్న. ఇక్కడ “తుపాకీ ఇప్పటికే ఎవరి చేతిలో ఉంది” అన్నది ప్రశ్న. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే నవలల కంటే ముందు చట్టాలను చూడాలి. భివండి వంటి మరమగ్గాల పట్నంలో, కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఉర్దూ, హిందీ మాట్లాడుతూ పెరుగుతున్న విద్యార్థులకు ఈ చరిత్ర దూరపుది కాదు.

ఒకే ఏడాది రెండు చట్టాలు

1857 తిరుగుబాటు తరువాత ప్రజల వద్ద ఆయుధాలు ఉండడం ప్రమాదమని ఆంగ్ల ప్రభుత్వం నిశ్చయించుకుంది. ఆ ఆలోచనకు పూర్తి రూపం 1878 నాటి భారత ఆయుధ చట్టం. లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోవడం నేరమయింది. ఐరోపావారికి మాత్రం మినహాయింపులు దక్కాయి. కొడగువారికి వేరే మినహాయింపు ఉండేది. అది నేటికీ ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంది.

అదే 1878లో, అదే వైస్రాయి లిట్టన్ పాలనలో, దేశభాషా పత్రికల చట్టం కూడా వచ్చింది. ఇంగ్లీషు పత్రికలకు ఆ చట్టం వర్తించదు. దేశభాషల్లో రాసేవాళ్ళ మీదనే దాని గురి. ఇంగ్లీషువాడి చేతిలో తుపాకీ ఉన్నా, ఇంగ్లీషు పత్రికలో విమర్శ ఉన్నా ప్రభుత్వానికి భయం లేదు. మన చేతిలో తుపాకీ, మన భాషలో విమర్శ, ఈ రెండూ దానికి ఒకే రకమైన వస్తువులుగా కనిపించాయన్నమాట. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవడం తెలుగు సాహిత్య విద్యార్థికి అవసరం.

పత్రికల చట్టాన్ని రిప్పన్ 1882లో రద్దు చేశాడు. ఆయుధ చట్టం మాత్రం నిలిచిపోయింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ దానిపై నిరసన తీర్మానం చేసింది. ఆయుధాలు లేని జాతి ఆత్మగౌరవం కోల్పోతుందన్నది అప్పటి నాయకుల వాదం. అహింసను ప్రాణంగా భావించిన గాంధీజీ కూడా 1918లో సైన్యంలో చేరమని చేసిన ప్రచారంలో ఈ చట్టాన్ని బ్రిటిషు పాలన చేసిన దుష్కృత్యాలన్నిటిలోకి నల్లనిదిగా పేర్కొన్నాడు. 1930 జనవరిలో ఆయన వైస్రాయి ముందుంచిన పదకొండు అంశాల్లో, ప్రజల అదుపుకు లోబడి ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల జాబితాలోనూ నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు చోటు చేసుకుంది. ఈ సంగతి నేడు చాలామందికి తెలియదు.

మన్యంలో తుపాకులు, చెరసాలలో నవల

తెలుగు దేశంలో ఈ చట్టం బరువు తెలిసివచ్చిన సంవత్సరం 1922. పల్నాడులో అడవి పుల్లరి మీద ప్రజలు సత్యాగ్రహం చేశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆగస్టులో విశాఖ, గోదావరి మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేశాడు. ఆయన వెళ్ళింది ఖజానా కోసం కాదు, తుపాకుల కోసం. విల్లంబులు తప్ప వేరే ఆయుధం లేని ప్రజలు తుపాకీ సంపాదించాలంటే, అవి ఉన్న ఒకే చోటికి వెళ్ళాలి. ఆ చోటు పోలీసు ఠాణా. ఆయుధ చట్టం సృష్టించిన పరిస్థితికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 1924 మే 7న రాజును కాల్చి చంపడంతో ఆ పోరాటం వెనుకపట్టు పట్టింది.

పల్నాడు సత్యాగ్రహంలో శిక్షపడిన వారిలో గుంటూరు జిల్లాకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఒకరు. ఆయన 1877లో పుట్టారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి బారిస్టరయ్యారు. ఆ దశాబ్దంలోనే ఐర్లండులో సాయుధ స్వచ్ఛంద దళాలు ఏర్పడడం, 1916లో డబ్లిన్ తిరుగుబాటు జరగడం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రాయవేలూరు జైలులో ఆయన రాసిన నవలే ‘మాలపల్లి’. దానికి ‘సంగవిజయం’ అనే మరో పేరు కూడా ఉంది. 1922లో అది వెలువడింది.

ప్రభుత్వం త్వరలోనే దాన్ని నిషేధించింది. ఇక్కడొక విశేషం గమనార్హం. పూచీకత్తులు కట్టించుకునే 1910 నాటి ప్రెస్ చట్టాన్ని 1922లో రద్దు చేస్తూనే, పుస్తకాలను జప్తు చేసే అధికారాన్ని క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 99-ఏ సెక్షనుగా చేర్చారు. ఒక తలుపు తెరిచినట్టు కనిపిస్తూనే మరో తలుపు మూసుకుంది. శాసనమండలిలో చర్చలు జరిగిన తరువాత కొన్ని మార్పులతో నవల తిరిగి వెలుగు చూసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టింది. 1936లో మళ్ళీ నిషేధం వచ్చి పాఠ్యగ్రంథ హోదా కూడా పోయింది. 1937లో రాజాజీ నాయకత్వంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తరువాతే ఆ నిషేధం తొలగింది. ఒక నవలను రెండుసార్లు నిషేధించడం తెలుగులో అసాధారణం.

జగ్గడి ప్రశ్న

ఆ నవలలో ప్రభుత్వానికి అంత భయం కలిగించినది ఏమిటి? రామదాసు మాలపల్లిలో గౌరవం గల వృద్ధుడు, తాత్త్వికుడు. అతని కొడుకు సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. భూస్వామి చౌదరయ్య ఆగ్రహంతో అతన్ని కొట్టి చంపుతాడు. ఆ హత్యకు తగిన న్యాయం జరగదు. మరో కొడుకు వెంకటదాసు ఇల్లు వదిలి తక్కెళ్ళ జగ్గడిగా మారతాడు. ధనికులను దోచి పేదలకు పంచే దండుకు నాయకుడవుతాడు.

పాఠకుడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. వెంకటదాసు ఆయుధం పట్టడానికి కారణం ఆయుధం మీద ప్రేమ కాదు. చట్టం ఉంది, కచేరీ ఉంది, పోలీసు ఉన్నాడు, కాని అవేవీ తన సోదరుడి చావును చావుగా లెక్కించలేదు. రక్షించవలసినవాడు రక్షించనప్పుడు, రక్షించుకునే సాధనం కూడా నేరమయితే, మనిషి ఏం చేయాలి? జగ్గడి ప్రశ్న ఇదే. అమెరికా నవలల్లో ప్రభుత్వం హద్దు మీరడమంటే ఇంట్లోకి చొరబడడం. ‘మాలపల్లి’లో ప్రభుత్వం పేదవాడి ఇంటికి రావలసినప్పుడు రాకపోవడమూ, రాకూడనప్పుడు రావడమూ రెండూ ఉన్నాయి. సంగదాసు చనిపోయినప్పుడు రాని ప్రభుత్వం, తరువాత అతని కుటుంబాన్ని జైలుకు పంపడానికి వస్తుంది.

ఉన్నవ జగ్గడిని ఆరాధించలేదు, అవమానించనూ లేదు. జగ్గడు పట్టుబడి జైలులోనే మరణిస్తాడు. నవల చివరకు నిలబెట్టేది సంగదాసు పేర వెలసే విద్యాసంస్థను, సంఘశక్తిని. అయినా ఆ నవలను నిషేధించారు. జగ్గడు నేరస్థుడా కాదా అని పాఠకుడు తనంతట తాను నిర్ణయించుకునే అవకాశం ఇవ్వడమే అప్పటి ప్రభుత్వానికి సహించలేని విషయం అనుకోవాలి.

నిజాం తెలంగాణలో

భివండి విద్యార్థుల తాతముత్తాతలు ఎక్కువగా మద్రాసు రాజధాని వాళ్ళు కారు, నిజాం రాజ్యపు ప్రజలు. అక్కడ వెట్టి ఉంది, దొరల గడీలు ఉన్నాయి. గడీలో తుపాకులు ఉండేవి, పల్లెలో గుతపలు, వడిసెలలు ఉండేవి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. నిజాం లొంగిపోయిన తరువాత కూడా 1951 అక్టోబరు వరకు పోరాటం సాగింది. రజాకార్ల తుపాకీ పోయి సైన్యం తుపాకీ వచ్చినప్పుడు పల్లె ప్రజలు దేన్ని ఎలా అర్థం చేసుకున్నారన్నది చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్న విషయం.

ఈ కాలాన్ని నవలలుగా మలచిన వారిలో ముగ్గురిని తప్పక చదవాలి. బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ పోరాటం నడుస్తుండగానే వచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ తుపాకీ పట్టక ముందు పల్లె ఎలా మేలుకున్నదో చెబుతుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఆ కథను దశలవారీగా నడిపిస్తాయి. ఆళ్వారుస్వామి నవలలో గమనించవలసినది ఒకటుంది. అందులో పెద్ద ఆయుధం చదువు. గ్రంథాలయం పెట్టుకోవడానికీ, సభ జరుపుకోవడానికీ నిజాం ప్రభుత్వపు అనుమతి కావలసిన రోజులవి. 1878 నాటి రెండు చట్టాల బంధుత్వం ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

రాజ్యాంగ సభ తీర్పు

స్వతంత్రం వచ్చాక కరాచీ తీర్మానం ఏమయింది? 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చమని సవరణ ప్రతిపాదించాడు. డాక్టర్ అంబేడ్కర్ అంగీకరించలేదు. హక్కుగా ఇస్తే దొంగలకూ, అలవాటుపడ్డ నేరస్థులకూ కూడా కాదనలేమన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. 19వ అధికరణం పౌరులకు సమావేశమయ్యే హక్కు ఇచ్చింది, కాని శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా. పాత చట్టం స్థానంలో 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. జాతిభేదం పోయింది, లైసెన్సు మిగిలింది.

‘మాలపల్లి’ చదివిన వారికి ఈ తీర్పు వింతగా తోచదు. అణగారిన వర్గాల నుంచి వచ్చిన అంబేడ్కర్‌కు పల్లెలో ఆయుధ హక్కు మొదట ఎవరికి ఉపయోగపడుతుందో తెలియనిది కాదు. చౌదరయ్యకూ సంగదాసుకూ ఒకే హక్కు ఇస్తే తుపాకీ కొనగలిగేది చౌదరయ్యే.

భివండి నుంచి చూస్తే

ఈ చర్చ భివండిలో పుస్తకాలకే పరిమితం కాలేదు. 1970 మే నెలలో శివాజీ జయంతి ఊరేగింపు సందర్భంగా ఇక్కడ ఘోరమైన మతకలహం జరిగింది. దానిపై విచారణ జరిపిన జస్టిస్ డి.పి. మదన్ కమిషన్ అల్లరిమూకలనే కాదు, దర్యాప్తులో పక్షపాతం చూపిన పోలీసు అధికారులను కూడా తీవ్రంగా తప్పుపట్టింది. 1984 మేలో మళ్ళీ కలహం చెలరేగింది. మగ్గాలు కాలిపోయాయి, కూలీలు ఊళ్ళకు పరుగెత్తారు. రక్షించవలసినవాడు రక్షించకపోతే అన్న జగ్గడి ప్రశ్న ఇక్కడ పవర్‌లూం కార్మికుడి ప్రశ్న అయింది.

దానికి దొరికిన జవాబు తుపాకీ కాదు. 1980ల చివరలో భివండిలో పోలీసు అధికారి సురేశ్ ఖోపడే చొరవతో మొహల్లా కమిటీలు ఏర్పడ్డాయి. రెండు మతాల వాళ్ళూ, వాడవాడలోని కార్మికులూ పోలీసులతో కలిసి తరచూ కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అది. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల్లో బొంబాయి తగలబడుతున్నప్పుడు పక్కనే ఉన్న భివండి ప్రశాంతంగా నిలిచింది. చట్టం ప్రజల మీదికి రావడం మాని ప్రజలతో కూర్చున్నప్పుడు ఏం సాధ్యమో ఆ రెండు నెలలు చూపించాయి. ఉన్నవ తన నవల చివర నిలబెట్టిన సంఘశక్తి ఇటువంటిదే.

ఇది సమస్యకు చివరి పరిష్కారం అనలేం. ఒక అధికారి చొరవ మీద నిలిచిన ఏర్పాటు ఆ అధికారి బదిలీతో బలహీనపడవచ్చు. అందుకే హక్కు చట్టంలో ఉండాలి, చట్టం ప్రజల కనుసన్నల్లో ఉండాలి. తెలుగు రాజకీయ నవల నూరేళ్ళుగా చెబుతున్నది ఇదే. భివండి విద్యార్థులు ‘మాలపల్లి’ని, ‘ప్రజల మనిషి’ని పరీక్షల కోసం కాక, తమ ఇంటి పెద్దల జ్ఞాపకాలతో కలిపి చదవాలి. తాతలు ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో, దేనికి భయపడి లేక దేన్ని ఆశించి వచ్చారో అడిగి రాసి పెట్టుకోవాలి. నవలల్లో లేని తెలంగాణ చరిత్రలో కొంత భాగం ఈ పట్నపు మగ్గాల సందుల్లోనే ఉంది.