పప్పుపొడి పూర్వకథ

కట్టెల పొయ్యిమీద ఒక వైపున బియ్యము, మరియొక వైపున కందిపప్పు ఎక్కించినచో, అన్నము వార్చిన తరువాతగూడ పప్పు బద్దలుగానే యుండుట మన తల్లులకు అనుభవమే. నూతిలోనివి ఉప్పునీళ్ళయినచో ఇక చెప్పనక్కరలేదు. పొట్టుతీయని శనగలు, అలసందలు, రాజ్మా గింజలు మరింత మొండివి. గింజలోని కణములను ఒకదానితో నొకటి అంటించి యుంచు పెక్టిన్ అను పదార్థము దీనికి ముఖ్యకారణము. వేడినీటిలో అది కరిగి కణములు విడివడినప్పుడే పప్పు మెత్తబడును. కఠినజలములోని కాల్షియమ్, మెగ్నీషియమ్ లవణములు పెక్టిన్‌ను త్వరగా కరుగనీయవు. మాంసకృత్తులు సమృద్ధిగా కలిగియు, మాంసముకంటె చవుకయైన ఈ ఆహారమునకు పెద్ద చిక్కు ఇదియే: వండుటకు కాలము కావలెను, వంటచెరకు కావలెను.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపాలో ఈ రెండును కరవైనవారు సైనికులు, మిల్లు కూలీలు. నేడు పొట్లము విప్పి వేడినీళ్ళు పోసినంతనే తయారగు పప్పుపొడులకు వారి అవసరమే మూలము.

సైనికుని కథ క్లుప్తముగా చెప్పవచ్చును. 1867లో బెర్లినులో గ్రూనెబెర్గ్ అను నతడు బఠాణీపిండి, కొవ్వు, ఉల్లిపాయ, ఉప్పు, మసాలాదినుసులు వేడిమీద కలియబెట్టి గొట్టములలో కూరెను. చల్లారగనే అది గట్టిపడును. ఒక ముక్క విరిచి, నలిపి, నీళ్ళలో కొద్ది నిమిషములు మరిగించినచో చిక్కని పులుసు సిద్ధము. దీనికి ‘ఎర్బ్స్‌వుర్స్ట్’, అనగా బఠాణీ సాసేజి, అని పేరు. ప్రష్యా ప్రభుత్వము ఈ విధానమును కొని, 1870–71లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధములో తన సేనలకు పంచిపెట్టెను. గొట్టములకు కావలసిన జంతువుల ప్రేగులు చాలకపోగా, గట్టి కాగితపు గొట్టములను వాడిరి. దినదినమును అదే పులుసు త్రాగి సైనికులు విసిగిపోయిరట! అయినను సరకు మాత్రము నిలిచినది. 1889లో క్నోర్ సంస్థ దీని తయారీని చేపట్టెను. 2018 చివరివరకును అది జర్మనీ అంగళ్ళలో దొరకుచునే యుండెను.

మిల్లు కూలీల కథ ఇంతకంటె ఆలోచింపదగినది. 1877లో స్విట్జర్లాండు దేశము ఒక ఫ్యాక్టరీ చట్టము చేసి పనిదినమును 11 గంటలకు పరిమితము చేసెను. అందులో ఒక నిబంధన గమనింపదగినది. మధ్యాహ్న విరామము గంటన్నరకంటె తక్కువయైనచోట, ఇల్లు చూచుకొనవలసిన కూలీలను అరగంట ముందుగా విడిచిపెట్టవలెను. ఆ వ్యవధిలోనే స్త్రీ యింటికి నడచిపోవలెను, పొయ్యి రాజేయవలెను, వండవలెను, పిల్లలకు పెట్టవలెను, తానింత తిని తిరిగి యంత్రముకడకు చేరవలెను. గింజలు ఉడికించుట ఎట్లు సాధ్యము? కనుక బంగాళాదుంపలు, రొట్టె, కాఫీ పేరిట చికోరీ నీళ్ళు వారి భోజనమయ్యెను. సారాయము గూడ చాలమందికి అలవాటయ్యెను.

ఫ్యాక్టరీల తనిఖీ అధికారిగా నుండిన ఫ్రిడోలిన్ షూలర్ అను వైద్యుడు ఈ దుస్థితిని కన్నులార చూచెను. 1882లో స్విస్ ప్రజాహిత సంఘము ఎదుట మాట్లాడుచు, కూలీలకు పప్పుధాన్యములు ఆహారము కావలెననియు, అవి త్వరగా ఉడుకునట్లు చేయవలెననియు వాదించెను. కెంప్ట్‌టాల్ గ్రామములో పిండిమర నడుపుచున్న జూలియస్ మాగీ ఆ పనికి పూనుకొనెను. బఠాణీ, చిక్కుడు జాతి గింజలను వేడిమితో పక్వపరచి, పిండిచేసి, 1884లో సంఘము మద్దతుతో విక్రయింప నారంభించెను.

ఫలితము? కూలీలు దానిని ఆశించినంతగా కొనలేదు. కారణములు పెక్కు ఉండవచ్చును గాని, రుచిలేమి అందులో నొకటి యని నా యభిప్రాయము. మాగీయు అట్లే తలచెనేమో! 1886లో అతడు రుచికరమైన తయారీ పులుసుపొడులను, కూరలలో చిలుకరించు ఒక రసమును వెలువరించెను. అవియే అతనికి పేరు తెచ్చినవి. వాని ప్రకటనలు వ్రాసినవాడు తరువాత జర్మన్ నాటకకర్తగా ప్రసిద్ధికెక్కిన ఫ్రాంక్ వెడెకిండ్. నేడు మన పిల్లలకు మాగీ యనగా నూడుల్స్ గుర్తునకు వచ్చును. ఆ పేరు గల మనిషి మొదలుపెట్టినది పప్పుపిండితో!

ఈ పొడులలో కాలము మాయమగుట లేదు, ముందే ఖర్చయినది. ఎవరో, ఎక్కడనో, గింజలకు కావలసిన వేడిమిని ముందుగా ఇచ్చి, తడిని తీసివేసిరి. మన కందిపొడి, బీహారువారి సత్తు ఈ కోవకు చెందినవే. కందిపప్పును ఎఱ్ఱగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకఱ్ఱ, ఉప్పు చేర్చి విసరుకొన్న తరువాత వేడి అన్నములో నెయ్యితో కలుపుకొనుటయే మిగిలియున్నది. దీనికి యే మిల్లును అక్కరలేకపోయెను.

ఇంటిలో చేయదగిన రెండవ పద్ధతి ఉడికించి ఎండబెట్టుట. గింజలను రాత్రి నానవేసి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో మెత్తగా ఉడికించి, మెదిపి, పళ్ళెములో పలుచగా పరచి ఎండబెట్టవలెను. పెళుసుగా విరుగునంతవరకు ఎండనిచ్చి విసరవలెను. తడి మిగిలినచో బూజు పట్టును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పచ్చి రాజ్మాను పిండిచేసి వేడినీళ్ళు పోసికొని త్రాగరాదు. ఆ గింజలలో లెక్టిన్ జాతి విషపదార్థము కలదు. 1976లో బ్రిటనులో సరిగా ఉడకని రాజ్మా తిని కొందరు విద్యార్థులు వాంతులతో బాధపడిరి. 80 డిగ్రీల సెంటీగ్రేడు వంటి మందవేడిమి దానిని నశింపజేయజాలదు. నానిన గింజలను కనీసము 30 నిమిషములు తెర్లనీయవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో పెసరపప్పుతో ఒక ప్రయోగము చేయించవచ్చును. పచ్చి పప్పుపిండి ఒక గిన్నెలో, ఉడికించి ఎండబెట్టిన పిండి మరియొక గిన్నెలో ఉంచి, రెంటిలోను సమానముగా మరుగునీరు పోసి, మూతపెట్టి, ఐదు నిమిషముల తరువాత వాసన చూడవలెను. మొదటిదానిలో పచ్చివాసన పోదు. దానిని రుచి చూడనక్కరలేదు. రెండవదానికి ఆవాలు, ఇంగువ తాలింపు వేసి తినవచ్చును. ఈ తాలింపును ముందుగానే పొడిలో కలిపి డబ్బాలో దాచినచో, కొంతకాలమునకు నూనె చెడి ముక్కవాసన పట్టును.