కృష్ణపట్నం రేవులో రెండు హెచ్చరికలు: మహమ్మారి కాలంలో జాగ్రత్తలను జనం పాటించడానికీ, వదిలేయడానికీ కారణాలు

సారాంశం

కోవిడ్ కాలంలో జాగ్రత్తలు పాటించనివారిని అజ్ఞానులనో, నిర్లక్ష్యపరులనో అనడం పరిపాటి అయింది. నెల్లూరు తీరం అనుభవం ఈ మాటకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. తుఫాను హెచ్చరికను మన్నించే జనమే మాస్కును పక్కన పెట్టారు. టీకాకు వెనుకాడారన్న జనమే నాటుమందు కోసం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. చేయదగిన పని, చేతికందే వనరు, నమ్మదగిన మనిషి కలిసివచ్చిన చోట జాగ్రత్త నిలుస్తుందనీ, వీటిలో ఏది లోపించినా జారిపోతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం

బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. అది ఒకటో నంబరా, మూడో నంబరా అన్నది చుట్టుపక్కల పట్టపుపాలేల్లో (జాలరి వాడల్లో) బడి మొహం చూడనివారికి కూడా తెలుసు. నంబరు పెరిగేకొద్దీ చేసే పని మారుతుంది. వేటకు వెళ్లాల్సిన పడవలు ఆగుతాయి, వలలూ ఇంజన్లూ ఒడ్డు మీదికి చేరతాయి, ముసలివాళ్లూ పిల్లలూ తుఫాను షెల్టర్ దారి పడతారు.

ఇదే తీరానికి 2020లో ఇంకో హెచ్చరిక వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు ఆ ఏడాది మార్చి 12న నెల్లూరులోనే నిర్ధారణ అయింది. ఇటలీ నుంచి తిరిగివచ్చిన ఒక విద్యార్థికి వ్యాధి సోకింది. మాస్కు పెట్టుకోండి, దూరం పాటించండి, చేతులు కడుక్కోండి అన్న మాట ఫోను కాలర్ ట్యూనులో సైతం మోగింది. అయినా ఈ రెండో హెచ్చరికకు మొదటిదాని పట్టు రాలేదు. 2020 నవంబరులో నివర్ తుఫాను వచ్చినప్పుడు నెల్లూరు జిల్లా లోతట్టు జనం ఇళ్లు విడిచి పునరావాస కేంద్రాలకు తరలారు. అప్పటికి కోవిడ్ ఇంకా పోలేదు. మనుషులు వాళ్లే, ఊళ్లూ అవే. మరి ఒక హెచ్చరికకు కదిలినవారు ఇంకోదానికి ఎందుకు కదల్లేదు?

2. సిద్ధాంత నేపథ్యం

1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయ పరీక్షలకు ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా జనం అనుకున్నంతగా రాలేదు. కారణం వెతికిన హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ తదితరులు ఆరోగ్య విశ్వాస నమూనాను రూపొందించారు. ఈ జబ్బు నాకు వస్తుందా, వస్తే ఎంత ముప్పు, జాగ్రత్తతో లాభమెంత, అడ్డంకులేమిటి అన్న లెక్క మనిషి మనసులో నడుస్తుందని ఆ నమూనా చెబుతుంది. 'ఈ పని నేను చేయగలను' అన్న భరోసాను తర్వాతి కాలంలో దీనికి చేర్చారు.

సముద్రం మీద బతికేవారి విషయంలో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ పరిశీలన మరింత దగ్గరగా వస్తుంది. ట్రోబ్రియాండ్ దీవుల జాలరులు ప్రమాదం లేని లోపలి నీళ్లలో వేటాడేటప్పుడు మంత్రతంత్రాల జోలికి పోరు, నడిసంద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం క్రతువులు తప్పనిసరి అని ఆయన గమనించాడు. తన చేతిలో లేని ప్రమాదం ఎదురైనప్పుడు మనిషి ఊరికే కూర్చోలేడు, ఏదో ఒకటి చేయాలనుకుంటాడు. ఆ తపనను పట్టించుకోని ఆరోగ్య ప్రచారం సగం దారిలోనే ఆగిపోతుంది.

3. తుఫాను నేర్పిన నమ్మకం

హెచ్చరికకు కదలడం ఈ తీరానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ, ఆ చుట్టుపక్కల ప్రాంతాల్లో సుమారు పదివేలమంది చనిపోయారు. 1990 మే నెలలో కోస్తాను తాకిన తుఫాను కూడా భీకరమైనదే, కానీ మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఈ రెండింటి మధ్య షెల్టర్లు లేచాయి, ముందస్తు సమాచారం మెరుగుపడింది, జనాన్ని తరలించే యంత్రాంగం ఏర్పడింది. తరలండి అని చెప్పిన అధికారి లారీ తెచ్చాడు, షెల్టర్‌లో అన్నం వండించాడు. తుఫాను వెళ్లాక సాయం అందింది. చెప్పిన గాలి చెప్పిన రోజుకు రావడం జనం కళ్లారా చూశారు. ఇలా ఏళ్ల తరబడి పోగైన అనుభవమే ఆ నంబరుకు విలువ తెచ్చింది.

కోవిడ్ హెచ్చరికకు ఆ పునాది లేదు. వైరస్ కంటికి కనపడదు. మాస్కు పెట్టుకున్నందువల్ల రాకుండా పోయిన జబ్బు కూడా కనపడదు. జాగ్రత్త ఫలించిందనడానికి ఏమీ జరగకపోవడమే రుజువు. అలాంటి రుజువు మనసుకు పట్టడం కష్టం.

4. పాటించడానికి వీల్లేని జాగ్రత్త

తెల్లవారుజామున ఫైబరు బోటు ఒడ్డుకు చేరే దృశ్యాన్ని దగ్గరగా చూస్తే అడ్డంకి అంటే ఏమిటో అర్థమవుతుంది. బోటులో ఐదారుగురు భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటారు. అలల మీంచి బోటును లాగడానికి ఇంకో పదిమంది ఒక్క పట్టుగా చేయి వేయాలి. ఉప్పునీటికి తడిసిన గుడ్డమాస్కు ముక్కుకు అతుక్కుని ఊపిరాడనివ్వదు. ఆ వెంటనే వేలంపాట మొదలవుతుంది, గొంతెత్తి అరిస్తేనే ధర పలుకుతుంది. చేపల గంప ఎత్తుకున్న ఆడవాళ్లు ఆటోలో ఇరుక్కుని బజారుకు పోతారు. చేప నిలవ ఉండే సరుకు కాదు, పూటకే పాడవుతుంది. ఇంటికి వస్తే ఒకటే గది, అందులోనే వంట, పడక, రోగి.

ఆరడుగుల దూరం, పద్నాలుగు రోజుల ఏకాంతం అన్న సూచనలు వైద్యపరంగా సరైనవే. అయితే విడిగా గది, నెలజీతం, ఇంట్లో కుళాయి ఉన్నవారికే అవి పూర్తిగా వీలవుతాయి. అవి లేనివారికి ఆ సూచన చేయలేని పనిగానే మిగులుతుంది. చేయలేని పనిని పదేపదే చెబితే, ముప్పు ఉందన్న సంగతినే మనసు తోసిపుచ్చుతుంది. 'మాకేం రాదులే' అన్న మాట వెనుక తరచుగా ఉండేది ఈ నిస్సహాయతే.

5. వేపమండ, బారికేడు

అంటువ్యాధి వచ్చినప్పుడు రోగిని విడిగా ఉంచడం మన పల్లెలకు కొత్త కాదు. ఇంట్లో ఎవరికైనా 'అమ్మవారు పోస్తే' గుమ్మానికి వేపమండ కడతారు. బయటివాళ్లు లోపలికి రారు, ఇంటివాళ్లు పేరంటాలకు వెళ్లరు, వంటలో తాలింపు పెట్టరు. మంచం మీద పరిచిన వేపాకు మధ్య రోగి విశ్రాంతిగా ఉంటాడు. పోలీసు కాపలా లేకుండానే ఈ కట్టడి సాగుతుంది. ఎందుకంటే అందులో రోగికి అవమానం లేదు, ఆ ఇంటికి అమ్మవారు వచ్చిందన్న గౌరవం ఉంది. వేపమండను చూసి పక్కింటివాళ్లు దూరంగా ఉంటారు గానీ వెలివేయరు.

2020లో పాజిటివ్ వచ్చిన ఇంటి చుట్టూ బారికేడు, వీధికి రెడ్‌జోన్ బోర్డు వెలిశాయి. వేపమండ, బారికేడు రెండింటి ఉద్దేశమూ ఒకటే, రోగిని వేరుగా ఉంచడం. అయితే బారికేడు ఆ ఇంటిని వేలెత్తి చూపింది. ఆ వేలికి భయపడినవారు జ్వరాన్ని దాచారు, పరీక్షకు ఆలస్యంగా వెళ్లారు. చనిపోయినవారి అంత్యక్రియలకు సైతం కొన్నిచోట్ల అడ్డుపడేంతగా ఆ భయం ముదిరింది. జాగ్రత్త శిక్షలా కనిపించినప్పుడు జనం వ్యాధి కంటే శిక్షనుంచే ముందు తప్పించుకోజూస్తారు.

6. ఆనందయ్య మందు

2021 మే 16న రాష్ట్రంలో ఒక్కరోజే 24,171 కేసులు నమోదయ్యాయి. మధ్యాహ్నం 12 నుంచి మరునాటి ఉదయం 6 వరకు కర్ఫ్యూ అమలులో ఉంది. ఆసుపత్రుల్లో పడకలకు, ఆక్సిజన్‌కు కటకట. టీకా నిల్వలు చాలక రెండో డోసు వారికే ప్రాధాన్యం ఇస్తున్నారు. ఆ స్థితిలో కృష్ణపట్నానికి చెందిన బొనిగి ఆనందయ్య ఆకులు, తేనె, దినుసులతో చేసిన మందును ఉచితంగా పంచుతున్న వార్త పాకింది. మే 21న ఆ ఊరికి వేలమంది చేరారు. అంబులెన్సుల్లో వచ్చిన రోగులు కూడా అందులో ఉన్నారు. తోపులాటతో ఆ రోజే పంపిణీ ఆపవలసి వచ్చింది.

ఆ మందును ఆయుష్ అధికారులు నాటుమందుగానే పేర్కొన్నారు. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి పరిశీలనకు దిగింది. మే 31న ప్రభుత్వం కంటిలో వేసే చుక్కలు మినహా కొన్ని రకాలకు అనుమతిచ్చింది. ఈ మందుతో కోవిడ్ తగ్గుతుందన్న నిర్ధారణ లేదనీ, డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపవద్దనీ, రోగులు స్వయంగా రావద్దనీ స్పష్టం చేసింది. చుక్కలతో తేరుకున్నానని చెప్పిన వీడియోతో అందరికీ తెలిసిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కొద్దిరోజులకే కన్నుమూశారు. మే 21 నాటి గుంపు ఎందరికి వ్యాధిని అంటించి ఉంటుందోనన్న ఆందోళన న్యాయమైనదే.

అయితే ఆ వరుసలో నిలబడినవారిని జాగ్రత్తలను తిరస్కరించినవారిగా లెక్కకట్టడం పొరపాటు. ప్రాణం నిలుపుకోవడానికి ఏదైనా చేయాలన్న తపన వారిలో నిండుగా ఉంది. వేప, నేరేడు, మారేడు, మిరియం వాళ్లకు చిన్నప్పటినుంచీ తెలిసినవే. ఇచ్చేవాడు తమలాంటి మనిషి, రూపాయి అడగడు. చేయదగిన పని, చేతికందే మందు, నమ్మదగిన మనిషి అక్కడ కలిశాయి. లేనిదల్లా ఆ మందు పనిచేస్తుందన్న రుజువు. అదే సమయంలో రుజువున్న టీకా ఊరికి అందలేదు. ఆ ఖాళీలోకే కృష్ణపట్నం దారి తెరుచుకుంది.

7. నెల తిరిగేసరికి

2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా టీకా డోసులు వేశారు. జనం మనసులు నెలరోజుల్లో పూర్తిగా మారాయనుకోలేం. మారింది సరఫరా. టీకా ఊళ్లకు వచ్చింది. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, వాలంటీరు పేరుపెట్టి పిలిచారు. 'అక్కా, నువ్వు వేయించుకున్నావా?' అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉంది. మొన్నటిదాకా నాటుమందు దగ్గర కలిసిన మూడూ ఈసారి రుజువున్న మందు దగ్గర కలిశాయి.

8. ముగింపు

జాగ్రత్తను పాటించడమూ, వదిలేయడమూ ఒకే ఆలోచన నుంచి పుట్టినవి. ఇది నావల్ల అవుతుందా, దీన్ని చెబుతున్నవాడు నా మంచి కోరేవాడేనా అని మనిషి తూకం వేసుకుంటాడు. కనుక రాబోయే మహమ్మారికి సిద్ధం కావడమంటే మందులు నిల్వ చేసుకోవడంతో పాటు మామూలు రోజుల్లోనే నమ్మకాన్ని పోగుచేయడం. ఆశా కార్యకర్తకు సమయానికి జీతం, పాలెంలో ఏకాంతానికి ఒక గది, వేట మానిన రోజులకు బియ్యం, మత్స్యకార పెద్దలతో ముందుగా సంప్రదింపు, రోగి ఇంటికి వేపమండ పాటి గౌరవం. ఇవన్నీ ఆరోగ్య జాగ్రత్తల్లో భాగమే.

తుఫాను షెల్టర్ గోడలు లేచాకే మూడో నంబరు మాటకు బరువు వచ్చింది. జబ్బు హెచ్చరికకు కూడా అలాంటి గోడలు కట్టాలి. వాటిని కట్టకుండా, ఎందుకు కదల్లేదని జనాన్ని నిలదీసే హక్కు మనకు లేదు.